శుశ్రూషకు కొలబద్ద యేది?

ఉగాదినాడు మన సంఘభవనములలో పెద్దలను వేదిక నెక్కించి శాలువలు కప్పుట చిరకాలముగ వచ్చుచున్న ఆచారము. ఆ పెద్దలు మరునాడు ఏ మంచముపై నుందురో, వారికి అన్నము కలిపి పెట్టువారెవరో, నడిరేయి పిలిచినచో పలుకువారెవరో విచారించు ఆచారము మాత్రము మనలో లేదు. శాలువ కప్పుట ఒక పూట పని. ఒడలు తుడుచుట నిత్యకృత్యము. మొదటిదానికి సభయు, అధ్యక్షుడును, ఛాయాచిత్రమును కలవు. రెండవదానికి నెలజీతము కలదు. జీతము చెల్లించితిమి గనుక సేవ చక్కగ జరుగుచున్నదని మనము నమ్ముచున్నాము. ఈ నమ్మకము నిరాధారమని చెప్పుటయే మా యుద్దేశము. చదువరులలో కొందరికిది కటువుగ దోచవచ్చును. మాకును మొదట కటువుగనే తోచినది. ఏలనన నిది మా యింటనే నేర్చిన పాఠము.

మన స్థితి నొకమారు చూచుకొందము. 2011 జనగణన ప్రకారము తమిళనాట సుమారు 42 లక్షల మందికి, కర్ణాటకమున సుమారు 35 లక్షల మందికి తెలుగు మాతృభాష. బరంపురమున, షోలాపురమున, ముంబయి కామాఠిపురలో, యానాములో తరతరములుగ నున్న తెలుగువారు వీరికి తోడు. మన తాతలు మగ్గములతోను, నాగళ్ళతోను, తాపీలతోను ఈ సీమలకు వచ్చిరి. మన బిడ్డలు చదువులు చదివి ఈ సీమలను దాటి పోయిరి. నడుమ మిగిలినవారు వృద్ధులు. 2011 నాటికే మన దేశమున అరువదేండ్లు నిండినవారు పది కోట్లకు మించిరి. పక్షవాతము వచ్చినవారు, తుంటి యెముక విరిగినవారు, మతిమరపు వ్యాధి సోకినవారు మన యిండ్ల వెనుక గదులలో నున్నారు. వారి చెంత నుండుటకు ఏజెన్సీలు మనుష్యులను పంపుచున్నవి. పగటికైనచో పండ్రెండు గంటలు, రేయింబవళ్ళకైనచో ఇరువదినాలుగు గంటలు.

ఈ ప్రసంగ మెత్తగనే, 'ఉమ్మడి కుటుంబములు పోయినవి, అందుచేతనే యీ దుర్గతి' యని నిట్టూర్చుట మనకు సులభము. ఆ నిట్టూర్పును మేమంగీకరింపము. ఉమ్మడి కుటుంబమున మంచముపట్టిన వారికి సేవ చేసినది ఇంటి కోడలు. ఆమెకు జీతము లేదు, సెలవు లేదు, నేర్పినవారు లేరు. ఆమె చేయు సేవ యెట్లున్నదని అడిగినవారును లేరు. లోపము కనబడినప్పుడు నిందించినవారు మాత్రము పదిమంది. నాడు కోడలిపై వైచి మరచితిమి. నేడు ఏజెన్సీపై వైచి మరచుచున్నాము. కావున పూర్వకాలమును పొగడుటవలన నేటి వృద్ధుని వీపుపుండు మానదు.

మా యింటి సంగతి చెప్పెదము. మా కుటుంబము బెంగళూరున నాలుగు తరములుగ నున్నది. మా తల్లిగారికి ఎనుబదియాఱవ యేట మతిమరపు ముదిరినది. అంతవరకు అంగడిలో కన్నడమును, ఇంట తెలుగును సమానముగ మాటాడినవారు, క్రమముగ కన్నడమును మరచి చిన్ననాటి తెలుగులోనికి పోయిరి. వారి కొఱకు ఒక ఏజెన్సీనుండి కన్నడ యువతి నొకతెను నియమించుకొంటిమి. ఆ పిల్ల మంచిది, శుభ్రత యెరిగినది, 'అజ్జీ' యని పిలుచుచు ఓపికతో ముద్దలు తినిపించెడిది. తిన్న ఆహారము, వేసిన మందులు, నిద్రించిన గంటలు ఏ పూట కాపూట పుస్తకములో వ్రాసిపెట్టెడిది. గదిలో కెమెరా కలదు. దూరదేశమున నున్న మనుమలు సెల్‌ఫోనులో నానమ్మను చూచి తృప్తిపడెడివారు. వచ్చిన బంధువులందరును ఏర్పాటు మెచ్చుకొనిరి.

ఒకనాటి సాయంకాలము మా తల్లిగారు, "ఆయాసంగా ఉందే అమ్మాయ్" అనిరి. తెలుగున ఆయాసమనగా ఊపిరి యాడకపోవుట. కన్నడమున ఆయాసమనగా అలసట, తమిళమునను అంతే. ఆ పిల్ల అవ్వ అలసినదనుకొని, తలక్రింది యెత్తు దిండ్లు తీసి, చదునుగ పరుండబెట్టి దుప్పటి కప్పినది. మరునాడును అట్లే చేసినది. పుస్తకములో 'ఆయాస, విశ్రాంతి' యని వ్రాసినది. ఆ పుటను మేమును చదివితిమి. తెలుగువారమై యుండియు ఆ మాటను కన్నడముగనే చదువుకొంటిమి. మూడవనాటి రాత్రి పెదవులు నల్లబడగా వైద్యశాలకు కొనిపోతిమి. గుండె నీరసించి ఊపిరితిత్తులలో నీరు చేరినదనియు, ఇట్టివారిని చదునుగ పరుండబెట్టినచో ఆయాసము హెచ్చుననియు, పాదముల వాపు చూచియున్న ముందే తెలిసియుండెడిదనియు వైద్యులు చెప్పిరి. దైవకృపవలన కోలుకొనిరి. కెమెరాలో మాత్రము ఆ రెండు రాత్రులును వారు సుఖనిద్రలో నున్నట్లే కనబడినది.

ఈ తప్పు ఎవరిది? ఆ పిల్లది కానే కాదు. రోగి యే భాష మాటాడునని ఏజెన్సీవా రడుగలేదు, మేము చెప్పలేదు. నియమించుకొన్న నాడు మేమడిగిన ప్రశ్నలు మూడు: జీతమెంత, ఎన్ని గంటలుండును, ఏ కులము. మంచముపై నున్నవారిని ప్రక్కకు త్రిప్పుట వచ్చునా, ముద్ద గొంతున అడ్డుపడినచో నేమి చేయుదువు, అవ్వ మాట నీకు తెలియునా యని అడుగుటకు మాకు తోచలేదు. మా యిల్లొక్కటియే ఇట్లున్నదని మేమనుకొనము. చదువరులు తమ యింట నడిగిన ప్రశ్నలను తామే జ్ఞప్తికి తెచ్చుకొందురు గాక.

ఏజెన్సీల సంగతి చూతము. మన పట్టణములలో ఇంటికి వచ్చి సేవ చేయు ప్రతివారిని 'హోమ్ నర్సు' అనుట వాడుక యైనది. నర్సు అనగా నర్సింగు విద్య నభ్యసించి, రాష్ట్ర నర్సింగు కౌన్సిలులో పేరు నమోదైనవారు. ఏ.ఎన్.ఎం. చదువు రెండేండ్లు, జి.ఎన్.ఎం. మూడేండ్లు, బి.యస్సి. నర్సింగు నాలుగేండ్లు. మన యింటికి వచ్చువారిలో పెక్కుమంది సహాయకులు. కొందరికి కొలది నెలల శిక్షణ కలదు. కొందరు ఊరినుండి దిగిన మరునాడే మంచముచెంతకు వచ్చినవారు. సహాయకులుగ నుండుట తక్కువపని యని మా యభిప్రాయము కాదు. సహాయకురాలిని నర్సని చెప్పి, నర్సు పేర రుసుము గైకొని, ఆమెచే ఇన్సులిను సూది వేయించుట మోసము. మూత్రపు గొట్టము మార్పించుట అంతకంటె గొప్ప మోసము. నమోదు సంఖ్య యడిగిన వెంటనే నిజము బయటపడును. అడుగు వారేరి?

చట్టము మనకొఱకు అడుగుచున్నదా యనిన, అదియును లేదు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము 2007లో వచ్చినది. అందు వృద్ధాశ్రమముల ప్రసక్తి కలదు గాని, ఇంటికి మనుష్యులను పంపు సంస్థల ప్రసక్తి లేదు. ఆ లోపమును సవరించుటకు 2019 డిసెంబరులో లోక్‌సభలో ఒక బిల్లు ప్రవేశపెట్టిరి. ఇంటి శుశ్రూషా సంస్థలన్నియు నమోదు కావలెనని అందు చెప్పబడినది. ఆ బిల్లు చట్టము కాకుండనే 2024లో ఆ లోక్‌సభతోపాటు మురిగిపోయినది. ఇంగ్లండులో 2009లో ఏర్పడిన ఒక ప్రభుత్వ నియంత్రణ సంస్థ, ఇంటివద్ద సేవ చేయు సంస్థలనుగూర్చి ఐదు ప్రశ్న లడుగుచున్నది: అపాయము లేకున్నదా, మేలు చేయుచున్నదా, దయతో చేయుచున్నదా, మనిషి యక్కరనుబట్టి నడుచుకొనుచున్నదా, నడపువారు సమర్థులా. ఫలితమును నాలుగు తరగతులలో బహిరంగముగ ప్రకటించుచున్నది. అక్కడ లోపములు లేవని మేమనము. అడుగుటకొక వ్యవస్థ కలదు. మనకు లేదు గనుక మనమే యడుగవలెను.

అయిన నేమి యడుగవలెను? 1966లో అవెడిస్ డొనబేడియన్ అను వైద్యాచార్యుడు వైద్యసేవ నాణ్యతను కొలుచుటకు మూడు తావులు చూడవలెనని చెప్పెను. సేవకు గల సాధనసంపత్తి యొకటి, సేవ జరుగు తీరు రెండవది, రోగికి కలిగిన ఫలితము మూడవది. ఏజెన్సీ మనకు చూపునది మొదటిది: రంగుల కరపత్రము, యూనిఫారము, యోగ్యతాపత్రము. పుస్తకమును కెమెరాయును చూపునది రెండవదానిలో ఒక ముక్క. మూడవది మంచముమీద నున్నది. దానిని చూచుటకు అక్కడికే పోవలెను.

మొదట చర్మమును చూడవలెను. తాముగా కదలలేనివారిని రెండేసి గంటలకొకమారు ప్రక్కకు త్రిప్పవలెనని సాధారణ నియమము. త్రిప్పినారో లేదో పుస్తకము చెప్పలేకపోయినను, నడుము దిగువ, తుంటి, మడమలు చెప్పును. పుస్తకములలో ఎఱ్ఱని మచ్చ పుండునకు తొలి గురుతని యుండును. మన చామనచాయ ఒంటిపై ఎఱుపు కానరాకపోవచ్చును. ఆ చోటు వెచ్చగనో, గట్టిగనో, చుట్టుప్రక్కల రంగునకు వేరుగనో యున్నదేమో చేతితో తాకి చూడవలెను. పిమ్మట బరువు. నెలకొకమారు తూచుచున్నారా? తూచనిచో, నిన్నటివరకు మణికట్టున నిలిచిన గాజులు నేడు మోచేతికి జారుచున్నవేమో చూడుడు.

అన్నము తినునపుడు కూర్చుండి చూడవలెను. పొలమారినప్పుడు ఎవరో తలచుకొనుచున్నారని నవ్వుకొనుట మన యిండ్ల వాడుక. మంచముపట్టినవారికి మాటిమాటికి పొలమారుచున్నచో మ్రింగుట కష్టమగుచున్నదని యర్థము. నిటారుగ కూర్చుండబెట్టి, చిన్న ముద్దలుగ, తొందర లేక పెట్టవలెను, వైద్యునకు తెలుపవలెను. పరుండబెట్టి గొంతులో జావ పోయుట, ఎంత ప్రేమతో పోసినను, ఊపిరితిత్తులలో పోయుటయే కావచ్చును.

శక్తి తగ్గుచున్నదా, నిలిచియున్నదా? 1965లో వెలువడిన బార్తెల్ సూచిక యను పట్టిక కలదు. తినుట, స్నానము, బట్ట కట్టుట, మంచమునుండి కుర్చీకి మారుట మొదలగు పది పనులకు మొత్తము నూరు మార్కులు. సేవకు కుదుర్చుకొన్ననాడొకసారి, మూడు నెలలకొకసారి ఈ లెక్క వేసికొన్నచో సంగతి తెలియును. చేరిననాడు కుర్చీలో కూర్చుండినవారు మూడు నెలలకు మంచము దిగలేకున్నచో, వయస్సుపై నెపము వేయుటకు ముందు, వారిని దింపినవా రున్నారా యని యడుగవలెను. అట్లే డైపరు. అది రోగి యక్కరకో, రాత్రి లేచు శ్రమ తప్పించుకొనుటకో తెలిసికొనవలెను. "ఒంటికి పోవాలి" అని అవ్వ చెప్పినది అర్థము గాక తడిసిన పక్కపై నుంచి, ఆపై 'అదుపు తప్పినది' యని వ్రాసిన పుస్తకములను మేము చూచితిమి. కన్నడమున ఒంటి యనగా ఏకాకి. ఆ పిల్లకు ఏమి తెలియును?

'చాల నెమ్మదిగ నున్నారు' అను మాట విన్నప్పుడు సంతోషించుటకు ముందు మందుల డబ్బా తెఱవవలెను. వైద్యుడు వ్రాయని నిద్రమాత్ర నెమ్మదికి కారణము కావచ్చును. ఆపై మర్యాద. స్నానము చేయించునపుడు తలుపు మూయుచున్నారా? ముట్టుకొనుటకు ముందు చెప్పుచున్నారా? ఏండ్ల తరబడి పంచె కట్టిన పెద్దమనిషికి పనివారి సౌకర్యము కొఱకు నైటీ తొడిగినారా? ఇవి చిన్నవిషయములని తలచువారు తమనే ఆ మంచముపై నూహించుకొనవలెను.

తుదకు సేవకురాలిని చూడవలెను. ఇరువదినాలుగు గంటల సేవ యను మాటయే అసత్యము. ఇరువదినాలుగు గంటలు మేలుకొను మనిషి లోకమున లేడు. ఆమె ఎప్పుడు నిద్రించును, ఏమి తినును, వారమున కొకదినమైన సెలవున్నదా, మనమిచ్చు సొమ్ములో ఆమె చేతికి ఎంత చేరును? నిద్రలేని చేయి వృద్ధుని త్రిప్పునపుడు మోటుపడును. ఆమెకు మిగిలిన కూడు వేరు పళ్ళెమున పెట్టి, అమ్మకు మాత్రము ప్రేమతో తినిపింపవలెనని కోరు గృహస్థుల నేమనవలెను? సేవను కొలుచునపుడు కొలుచువారినిగూడ తూచవలెను.

ఇక భాష. హైదరాబాదు నిజాం వైద్యవిజ్ఞాన సంస్థకు వచ్చిన 648 మంది మతిమరపు రోగులపై జరిగిన పరిశోధన 2013లో వెలువడినది. రెండు భాషలు మాటాడువారిలో వ్యాధి సుమారు నాలుగున్నర యేండ్లు ఆలస్యముగ కనబడినదని అందు తేలినది. సరిహద్దు దాటి వచ్చిన మనకిది శుభవార్తయే. కాని వ్యాధి వచ్చిన పిమ్మట, పెక్కుమందిలో తరువాత నేర్చిన భాష ముందుగ సడలును, తల్లిభాష మిగులును. అప్పుడు తెలుగు పండుగనాటి అలంకారముగ నుండదు. నొప్పి చెప్పుకొనుటకు మిగిలిన ఒకే త్రోవ యగును. సంఘములు పెట్టి, సంచికలు వేసి, తెలుగును కాపాడుచున్నామని చెప్పుకొను మనము, తెలుగు తప్ప మఱేమియు మిగులని మనిషి మాట వినకున్నచో, మనము కాపాడుచున్న దేమి?

దీనికి మూడు ఆక్షేపణలు వినబడుచున్నవి. ప్రశ్నించినచో పనివారు పోవుదురని యొకటి. మా యనుభవమున మంచి పనివారు ప్రశ్నలవలన పోలేదు. నిద్ర లేక, ఆదరము లేక పోయిరి. ఇంటి గుట్టు సంఘమునకేల యని రెండవది. ముక్కుమొగ మెరుగని మనిషికి తాళపుచెవు లిచ్చినవారికి, ఎరిగిన పొరుగువారు అరగంట వచ్చి కూర్చున్నంతనే గుట్టు పోవునా? తెలుగు తెలిసిన పనివారు దొరకరని మూడవది. దొరకనక్కరలేదు. ఆరోగ్యముగ నున్న యువతి ముప్పది మాటలు వారము దినములలో నేర్వగలదు. మరపు ముదిరిన అవ్వ ఒక్క మాటను నేర్వలేదు. ఆ బరువు ఎవరు మోయవలెనో వేరుగ చెప్పవలెనా?

కావున మన సంఘములు చేయదగిన పని యిది. ఊరికి నలుగురైదుగురు నెమ్మదిగల వారు చేరి, మంచముపట్టిన పెద్దలున్న యింటికి, ఇంటివారి యనుమతితో, నెలకొకమారు ఇద్దరేసి పోవలెను. కొంతసేపు సేవకురాలును, ఇంటివారును లేకుండ పెద్దలతో తెలుగున మాటాడవలెను. పైన చెప్పిన సంగతులు ఒక కాగితముపై వ్రాసి ఇంటివారికే యీయవలెను. ఏ ఏజెన్సీ పంపినవారు నర్సులో, ఎవరు నెలకు ముగ్గురిని మార్చుచున్నారో, ఆ లెక్క సంఘమువద్ద నుండవలెను. ఇది అసాధ్యమనువారు కేరళమును చూడవలెను. 2008లో ప్రభుత్వ విధానము రాకముందే అక్కడ ఇరుగుపొరుగువారు స్వచ్ఛందముగ రోగుల యిండ్లకు పోవుచుండిరి. తమిళనాట 2021 ఆగస్టులో ఇంటివద్దకే మందులు, వ్యాయామచికిత్స తెచ్చు 'మక్కళై తేడి మరుత్తువం' పథకమును, తెలుగువారు విరివిగ నున్న కృష్ణగిరి జిల్లాలోనే ప్రారంభించిరి. హింసయో, నిర్లక్ష్యమో కనబడినచో వయోవృద్ధులకై ఏర్పడిన 14567 సంఖ్యకు ఫోను చేయవచ్చును. వీనిని వాడుకొనుచు, మురిగిపోయిన నమోదు నిబంధనను మరల తెమ్మని మన ప్రతినిధులను నిలదీయవలెను.

మా తల్లిగారి మంచముప్రక్క గోడపై ముప్పది మాటల కాగితము అంటించితిమి. తెలుగు మాట కన్నడ లిపిలోను, దాని యెదుట కన్నడార్థమును. మొదటి మాట ఆయాసము. దాని యెదుట 'ఊపిరి యాడుట లేదు. కూర్చుండబెట్టి వెంటనే మమ్ము పిలువుము' అని వ్రాసితిమి. ఇట్టి కాగితములు తమిళమున, కన్నడమున, ఒడియాలో, మరాఠీలో, హిందీలో అచ్చువేయించుటకు ఒక సంఘమునకు అగు వ్యయము నాలుగు శాలువల వెలకు మించదు. వచ్చు ఉగాదికి ఆ నాలుగు శాలువలు మానుకొందము.